గుప్పిళ్ళ కుండ

ఎవరింటి బియ్యం ఏవో రత్నాలమ్మ చేట చెప్పేస్తుంది.

సోమవారం పొద్దున్నే గుమ్మం ముందు కాళ్ళు చాపుకుని కూచుని, ఆదివారం గంపలోని బియ్యం చేటలో పోసుకుని చెరిగేది. ముందు ఊక లేచిపోయేది, తరవాత తవుడు. నూకలు చేట కొసకి వచ్చేవి, పొట్టు ఊడని మెరిగెలు వెనక్కి తగ్గేవి. ఇరవై మూడు ఇళ్ళ బియ్యం ఒక్క గంపలో కలిస్తే ఎవరైనా కలగాపులగం అంటారు. రత్నాలమ్మకి మాత్రం ఒక్కొక్క గింజకీ ఇంటిపేరు ఉన్నట్టే ఉండేది.

"ఇదిగో సూడమ్మా, ఈ లావుపాటి తెల్లగింజ తవిటయ్య ఇంటిది. కొడుకు రంగం నుంచి డబ్బు పంపుతాడు, ఆలింట్లో రంగూను బియ్యం కొంటారు. ఈ ముక్కిన గింజ పోలారావు ఇంటిది. కొబ్బరితోట బాబు కూలి కింద పాత ధాన్యం కొలుత్తాడు ఆడికి. ఈ ఎర్రగింజ నూకరత్నానిది. పోయిన నెల్లో గంప అంతా ఎర్రగా కనబడీది. ఇప్పుడు ఏరుకుంటే గుప్పెడు నేదు."

పక్కన కూచున్న అసిరమ్మ ఎర్రగింజని అరచేతిలో వేసుకుని చూసింది. అసిరమ్మ రత్నాలమ్మ తల్లి. టెక్కలి అవతల పల్లెలో ఒంటరిగా ఉండేది. ఉన్న ఒక్క కొడుకూ రంగం ఓడెక్కి జాబు రాయడం మానేశాడు. వానలు వెనకబడి కూలి పోయింది. దాంతో ఇరవై రోజుల కిందట రెండు పగళ్ళు నడిచి కూతురింటికి వచ్చింది. ముసలిదానికి వేళ్ళు మాత్రం చురుకు. చేటలో రాళ్ళు ఏరడంలో కూతురికన్నా ముందుండేది.

"ఆ నూకరత్నానికి పిల్లలెందరే?" అనడిగింది.

"ముగ్గురు. దాని మొగుడు దాలయ్య కొబ్బరిసెట్టు మీంచి పడి కాలిరగ్గొట్టుకున్నాడు. ఇంకా లెగనేదు."

అసిరమ్మ ఆ గింజని జాగ్రత్తగా మళ్ళీ చేటలో వేసింది.

మొగలిపుట్టుగ పేటలో యేసుప్రభువుని నమ్ముకున్న ఇళ్ళు ఇరవై మూడు. ప్రతి ఇంటా పొయ్యి పక్కన చిన్న కుండ ఒకటి ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి ఆ కుండలో వెయ్యాలి. ఆదివారం ఆ కుండలన్నీ గుడికి వచ్చి, అందరి కళ్ళముందూ ఒకే గంపలోకి ఒంపబడేవి. అదే రత్నాలమ్మ మొగుడు, బోధకుడు తీతు పంతులు జీతం. అంతకుముందు నెలకి తొమ్మిది రూపాయలు మిషను నుంచి వచ్చేవి. జర్మనీ యుద్ధం ముగిసిన ఏడాది దొరగారు వచ్చి, తన కాపరిని తాను పోషించుకోలేని మంద మందే కాదని ప్రసంగించి, తొమ్మిదిని రెండుకి దించి వెళ్ళాడు. మాట గొప్పదే. ఆయన జీతం మాత్రం ఏ మందా ఇవ్వక్కర్లేదు, ఓడ మీద వస్తుంది. కాపరి కూడా ఇవ్వాలి, అప్పుడే మందకి బుద్ధి వస్తుందని కూడా అన్నాడు. అంచేత పంతులింటి పొయ్యి పక్కనా ఒక కుండ ఉంది. సంఘం పోసిన బియ్యంలోంచే రత్నాలమ్మ రోజుకో గుప్పెడు తీసి సంఘానికే పెట్టేది. ఆ లెక్కలోని విచిత్రం ఆమెకి ఎప్పుడో తెలుసు. తెలిసినా చేసేది ఏముంది?

చేట ఇంకా ఆడుతుండగానే మొగలిపొదల పక్కనుంచి తవిటయ్యా, వెనకాల నూకరత్నమూ వచ్చారు. తవిటయ్య సంఘపెద్ద. అరవై ఏళ్ళు దాటిన బక్కపల్చటి మనిషి. మాట్లాడేముందు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకోవడం ఆయన అలవాటు. ఆ వేళ రెండుసార్లు చుట్టుకున్నాడు. పంతుల్ని బయటికి పిలిచాడు.

తీతు చేతిలో బైబిలుతోనే వచ్చాడు. తవిటయ్య ఎటో చూస్తూ, సంఘంలో ఒక మాట పుట్టిందన్నాడు. గుప్పెడు బియ్యం పంతులికీ పంతులమ్మకీ అని అనుకున్నాం గాని మూడో కంచం సంగతి అనుకోలేదు గదా అన్నాడు. పైగా ఆవిడ మనలో మనిషి కాదు, ఇంకా దండచేతికి అమ్మవారి పసుపుతాడు ఉంది అన్నాడు. ముసలమ్మ చెయ్యి దానంతట అదే పైటకొంగు కిందకి పోయింది.

"మా అమ్మ తినీది నా వంతులోంచి పెడతన్నాను," అంది రత్నాలమ్మ.

నూకరత్నం అంతదాకా మాట్లాడలేదు. చిక్కిపోయిన మనిషి, మెడ నరాలు కొబ్బరిపీచులా బయటికి కనిపిస్తున్నాయి. అరవలేదు, చెయ్యి ఊపలేదు.

"నీ వంతు నీకెక్కడిది పంతులమ్మా? అదీ మాదే గదా. నా ముగ్గురు గుంటలకీ పొద్దు అంబలి, మాపు అంబలి. ఆదివారం ఒక్కపూటే బువ్వ. అందులోంచీ గుప్పెడు తీసి కుండలో యేత్తన్నాను. దేవుడి పనికి అనుకున్నాను. ఎవులమ్మకో అనుకోనేదు. అడుక్కుతినీవోడి కాడ గీక్కుతినీవోడని, మా పెద్దలు ఊరికే అన్నారేటి?"

ఆ సామెత సూటిగా ముసలమ్మ మీదే పడింది. అసిరమ్మ తల వంచుకుని రాళ్ళు ఏరుతూనే ఉంది. అప్పటికి చేటలో రాళ్ళు లేవు.

తవిటయ్యకి తగువు అక్కర్లేదు, దారి కావాలి. ఆయన దగ్గర దారి ఉంది. "ఇందులో పేసీ ఏటుంది పంతులుగోరూ? ఆదివారం ఆవిణ్ణి నీల్లలో ముంచి బాప్తీసం ఇచ్చీండి. అప్పుడు సంఘం మనిసవుతాది. సంఘం కూడు సంఘం మనిసి తింటే ఎవులు కాదంటారు?"

రత్నాలమ్మ ఆశగా మొగుడి మొహం చూసింది. ఒక్క మునక, అంతే గదా. సముద్రం ఎంత దూరం? అమ్మకి నీళ్ళంటే భయం కూడా లేదు.

తీతు బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఆకలితో వచ్చినోళ్ళని నాను ముంచను తవిటయ్యా. మీకు తెలుసు గదా. కడుపు నిండినాక రమ్మంటాను. పోయిన కరువులో నీ తమ్ముడొస్తే అదే సెప్పినాను."

"సెప్పినావు," అన్నాడు తవిటయ్య తలగుడ్డ సర్దుకుంటూ. "ఆడు కడుపు నిండకుండానే సచ్చిపోనాడు."

తవిటయ్య ఆ మాట కసిగా అనలేదు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అదే రత్నాలమ్మకి ఎక్కువ భయం వేసింది. బియ్యం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట తన సంఘం మీద పడకూడదని మొగుడు ఇన్నాళ్ళూ ఎందరిని తిప్పి పంపించాడో ఆమెకి తెలుసు. అప్పుడు గర్వపడింది కూడా. ఇప్పుడు తన తల్లి కోసం ఆ గీత చెరపమని ఏ మొహంతో అడుగుతుంది? అడిగితే మాత్రం, చచ్చిన తమ్ముడు తవిటయ్య పక్కన నిలబడి ఉన్నట్టే ఉంది.

చివరికి తవిటయ్యే తీర్పు చెప్పాడు. ముసలమ్మ కూతురింట్లో ఉండొచ్చు, ఎవరూ కాదనరు. సంఘం బియ్యం మాత్రం ముట్టకూడదు. వాళ్ళు వెళ్ళిపోయాక తీతు లోపలికి పోయాడు. రత్నాలమ్మ చేట తీసి విసురుగా రెండుసార్లు చెరిగింది. మంచి బియ్యం కూడా కొన్ని కింద పోయాయి. అసిరమ్మ ఒంగి వాటిని ఒక్కొక్కటే ఏరి గంపలో వేసింది.

ఆ వారమంతా రత్నాలమ్మ తీర్పుకి తలొగ్గినట్టే ఉండి ఒగ్గలేదు. పొద్దున్నే తవ్వెడు బియ్యం కొలిచి, పైన సోలెడు వేసి, చేటలో పోసి తల్లి ముందు పెట్టేది. తవ్వ తమ ఇద్దరికీ, సోల అమ్మకీ. ఎసరు మరిగాక సంఘం కుండలో గుప్పెడు వేసి, మిగతా బియ్యం పోసి వార్చమ్మా అని చెప్పి తోటకి పోయేది. రాలిన కొబ్బరి కమ్మలు నీళ్ళలో నానబెట్టి, ఆకులు ఒకదాని మీద ఒకటి తిప్పి తడికెలు అల్లే పని. పది తడికెలు అల్లితే తోట బాబు రెండు కొబ్బరికాయలు ఇచ్చేవాడు, అవి అమ్ముకుంటే ఉప్పూ దీపానికి నూనే వచ్చేవి. పంతులమ్మ కూలికి పోవడమేమిటని పేటలో ఒకరిద్దరు మూతి విరిచారు. తినమని పిలిచినవాళ్ళు మాత్రం లేరు.

సందేళ తిరిగొచ్చేసరికి కూడు వండి, మూత పెట్టి, అసిరమ్మ అరుగు మీద చాప వేసుకుని పడుకుని ఉండేది.

"తిన్నావేటమ్మా?"

"తినీసినానే. మీరు తినండి."

వాకిట్లో కనబడకుండా తినడమే మంచిదని రత్నాలమ్మ కూడా అనుకుంది. ఎవరైనా చూస్తే మళ్ళీ పంచాయతీ. కుండలో కూడు మొదటిరోజుకన్నా కాస్త తక్కువున్నట్టు ఒకనాడు తోచింది. అమ్మ ఆకలి మీదుంది, తినేసిందిలే అనుకుంది. ఆ ఆలోచనకి ఆమె తరవాత తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు. మూడో కంచం గురించి మొగుడు ఒక్క మాటా అడగలేదు. తినేటప్పుడు గోడవైపు తిరిగి కూచునేవాడు. చూడకపోతే తప్పు లేదని ఆయన లెక్క కాబోలు. మంచివాళ్ళు చాలామంది ఇలాగే బతుకుతారు.

శుక్రవారం నీళ్ళకని లేచి అసిరమ్మ గోడ పట్టుకుంది. కళ్ళు తిరిగాయంది. ఎండలే అని రత్నాలమ్మ అంది. మబ్బులు సముద్రం మీద పట్టి, ఇటు రాకుండా కవిటి వైపు పోతున్నాయి.

ఆదివారం పాటలయ్యాయి, ప్రసంగం అయింది. తాటాకు గుడిలో నేల మీద ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూచున్నారు. బల్ల ముందు వెదురు గంప పెట్టారు. ఒక్కొక్క ఇల్లాలే కుండ తెచ్చి ఒంపుతోంది. ఎవరు ఎంత పోస్తున్నారో చూడొద్దని పంతులు ఎన్నిసార్లు చెప్పినా, కళ్ళన్నీ గంప మీదే. చప్పుడు వింటే తెలిసిపోయేది. నిండు కుండ అయితే జలజలమని పడేది, లేకపోతే గంప అడుగున నాలుగు గింజలు టపటపమని మోగేవి. ఆ వేళ అన్నీ టపటపలే. నూకరత్నం కుండ బోర్లించి అడుగు తట్టింది. రాలినవి దోసెడు ఉండవు.

అందరికన్నా చివర పంతులమ్మ పోయాలి. పొద్దున్నే మొగుడు గుడికి తెచ్చి పెట్టిన మట్టికుండ ఎత్తితే బరువుగా ఉంది. ఏదో తప్పు జరిగిందని రత్నాలమ్మకన్నా ముందు ఆమె చేతికి తెలిసింది. అప్పటికే గంప ముందు ఒంగి ఉంది, వెనక్కి పోవడానికి లేదు. కుండ వంచింది. బియ్యం జారాయి. జారుతూనే ఉన్నాయి. తెల్లవీ, ముక్కినవీ, నూకలూ, ఎర్రవీ కలిసి గంప సగం దాకా వచ్చాయి. ఇన్ని కుండల్లో ఆ ఒక్కదాని చప్పుడే గుడంతా వినబడింది.

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూశాడు.

తవిటయ్య లేచి నిలబడ్డాడు. ఆయన మొహం నిజంగానే వెలిగిపోయింది. ఇందులో ఎగతాళి లేదు. దేవుడు ఐదు రొట్టెల్ని వేలమందికి సరిపెట్టినట్టు, మనమిచ్చిన గుప్పిళ్ళు పంతులుగారింట్లో పెరిగాయన్నాడు. అక్కడ ఎక్కువైనప్పుడు, ఇక్కడ మన పిల్లలు అంబలితో పడుకోవడం దేవుడికీ ఇష్టం కాదన్నాడు. వానలు పడి వరి ఉడుపులు మొదలయ్యేదాకా వారానికి మూడు రోజులే గుప్పెడు తీద్దామన్నాడు. మగవాళ్ళు తలలూపారు. ఆడవాళ్ళలో ఎవరో చిన్నగా ఊపిరి వదిలారు. నూకరత్నం కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది, అది స్తోత్రమే అయి ఉంటుంది. ఆఖరి పాట ఆ వేళ పాడినంత గట్టిగా ఆ గుడిలో ఎప్పుడూ పాడలేదు.

తీతు లేచి ఒక్క మాట అనొచ్చు. అనలేదు.

ఇంటికొచ్చి తలుపు దగ్గరకి వేసి రత్నాలమ్మ మొగుడి మీదికి తిరిగింది. గొంతు పెంచకుండానే, ఊళ్ళో మంచిపేరు కోసం మా అమ్మ కూడు తీసి కుండలో పోశావా అనడిగింది. తీతు తెల్లబోయాడు. నూకరత్నం అన్న మాటకి ఉక్రోషం పట్టలేక నువ్వే పోసి చూపించావనుకున్నాను, అందుకే అందరిముందూ నిన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక ఊరుకున్నాను అన్నాడు. ఒకరి మాట ఒకరు నమ్మడానికి కొంచెంసేపు పట్టింది. నమ్మాక, ఇద్దరూ ఒక్కసారే తలుపు తీసి అరుగు వైపు చూశారు.

అసిరమ్మ గోడకి ఆనుకుని కూచుని ఉంది. రోజూ కనబడే మనిషే. ఆరు రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయని, చేతికున్న గాజు మోచేతిదాకా జారుతోందని అప్పుడు కనబడింది.

"ఏటమ్మా ఇది?" రత్నాలమ్మ తల్లి ముందు చతికిలబడింది. "ఏం తిన్నావు ఇన్నాళ్ళూ?"

"గెంజి తాగినాను గదే. ఉప్పేసుకుని."

"సోల బియ్యం నీకనే గదా కొలిసి పెట్టినాను!"

ముసలమ్మ తప్పు చేసి దొరికిపోయిన దానిలా నవ్వింది. "పెట్టినావు. మొదటిరోజు తిందారనే కలిపినాను. నువ్వే సెప్పినావు గదా, ఎర్రగింజ ఆ నూకరత్నం ఇంటిదని. ముద్దలో అదే కనబడినాది. దాని గుంటలే కనబడినారు. గొంతులోకి దిగనేదమ్మా. ఎవులది ఆలకి ఇచ్చీయడమే మంచిదని, మర్నాటి కాడ్నుంచి నా సోల వండకుండానే సంఘం కుండలో యేసీసినాను."

రత్నాలమ్మ అరచేత్తో నోరు కొట్టుకుంది. గింజ గింజకీ ఇంటిపేరు చెప్పి మురిసిపోయిన నోరు అది.

"ఇంకెన్నాళ్ళిలా ఉంటావు?" అన్నాడు తీతు.

"వానలొచ్చీదాకా బాబూ. ఉడుపులు పడితే నానూ కూలికెల్తాను. నా గింజ నాను తెచ్చుకుంటాను." దండకున్న పసుపుతాడు తడుముకుంటూ ఆగింది. "మీరు నన్ను ముంచలేదని నాకు కోపం నేదు బాబూ. కూటికోసం ముణిగితే మీ దేవుడు మాత్రం ఏటనుకుంటాడు?"

తీతు అక్కడ నిలబడలేకపోయాడు. దొడ్డివైపు పోయాడు. రత్నాలమ్మ అప్పటికప్పుడు గుప్పెడు నూకలు జావ కాచి, చల్లార్చి, తల్లి తల ఒళ్ళో పెట్టుకుని చేత్తో పట్టింది. ఎర్రవన్నీ ముందే ఏరి పారేసింది. ఏరినా ఏరకపోయినా ఒకటే అయింది. రెండు గుటకలు మింగి ముసలమ్మ కక్కేసింది. సోమవారం జ్వరం వచ్చింది. మందసలో మందిచ్చే ఆయన ఉన్నాడని తీతు బయల్దేరాడు. చేతిలో ఏముంది ఇవ్వడానికని సగం దూరం పోయి వెనక్కి వచ్చాడు. ఆయన అలా తిరిగివచ్చాడని రత్నాలమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే వాన వచ్చింది. కవిటి మీది మబ్బు ఇటు తిరిగి, కొబ్బరి మట్టల్ని ఊపేసి, సందేళకి పొలాలన్నీ ముంచేసింది. పేటంతా వాకిళ్ళలోకి వచ్చి తడిసింది. "వానే," అంది అసిరమ్మ కళ్ళు తెరవకుండా. "వానేనమ్మా," అంది కూతురు.

మంగళవారం పొద్దుటికి ప్రాణం లేదు.

బావి నీళ్ళతో పెంచిన నారు ముదిరిపోతోందని అదే పొద్దున ఉడుపులు మొదలయ్యాయి. రెండు నెలల తరవాత దొరికిన మొదటి కూలి. శవం కోసం దాన్ని ఒదులుకునే స్తోమతు పేటలో ఎవరికీ లేదు. పదింటికి తవిటయ్య వచ్చాడు, నీళ్ళలో ముణగని ఇళ్ళవాళ్ళు ఇద్దరు వచ్చారు, అంతే. తీతు తవిటయ్యని పక్కకి పిలిచి జరిగింది దాచకుండా చెప్పాడు. తవిటయ్య తలగుడ్డ విప్పాడు. మళ్ళీ చుట్టుకోలేదు, భుజం మీద వేసుకుని ఊరుకున్నాడు.

అయినా పద్ధతి పద్ధతే. సంఘం సమాధుల దొడ్డిలో ఆవిణ్ణి పెట్టడానికి లేదు. మొగలికంచె అవతల ఇసకలో గొయ్యి తీశారు. నలుగురూ కలిసి మోశారు. పెద్ద బరువేం కాదు. గొయ్యి పక్కన దించాక రత్నాలమ్మ కొంగు చాటునుంచి కుండ తీసింది. ఆదివారం తరవాత తన చేత్తో వేసిన రెండు గుప్పిళ్ళు అడుగున ఉన్నాయి.

"పంతులమ్మా," అన్నాడు తవిటయ్య మెల్లిగా. "అది దేవుడి బియ్యం. సచ్చినోల నోట్లో బియ్యం పొయ్యడం మనకి నేదు."

రత్నాలమ్మ మొగుణ్ణి చూసింది. ఆ ఆచారం అన్యులదని, చచ్చినవాళ్ళకి ఆకలుండదని ఆయన ఇదే ఇసకలో నిలబడి ఎన్నోసార్లు బోధించాడు. తీతు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. గోడవైపు తిరిగి కూడు తిన్న మనిషే. ఈసారి మాత్రం ఆమెకి కోపం రాలేదు. తల్లి నోరు తెరిచి ఒక గుప్పెడు పోసింది. పక్కకి జారిన గింజల్ని వేలితో లోపలికి తోసింది. ఇప్పుడు కాదనలేవు గదా అనుకుంది. ఏడుపు అప్పుడొచ్చింది.

సంగతి పాకిపోయి, ఆ వారం పేటలో పంతులింటి ముందునుంచి నడిచేవాళ్ళు తగ్గారు. పొలానికి చుట్టుదారిలో పోయారు. నూకరత్నం ఒక్కతే ఒక సందేళ, మోకాళ్ళదాకా బురదతో వచ్చి, కంచె దగ్గర చాలాసేపు నిలబడింది. రత్నాలమ్మ చూసింది, పిలవలేదు. కాసేపటికి ఆవిడ వెళ్ళిపోయింది.

ఆదివారం దొరగారు వచ్చాడు. మూడు నెలలకోసారి వచ్చే రోజు అది. పలాసలో రైలు దిగి, బండి కట్టించుకుని, వానకి టోపీ తడిసి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. పిల్లలకి బొమ్మల కాగితాలు తెచ్చేవాడు, ఎవరికి జబ్బు చేసినా పేరు పేరునా అడిగేవాడు. బల్ల ముందు గంప పెట్టారు. ఇల్లాళ్ళు ఒక్కొక్కరే కుండలు తెచ్చారు.

టపటపమన్న కుండ ఒక్కటీ లేదు. కూలి గింజలు ఇళ్ళకి వచ్చాయి, దానికి సిగ్గు తోడయింది. జలజలమని, ఒకదాని వెనక ఒకటి గంప నిండి, పక్కన చాప పరిచారు. నూకరత్నం కుండ తేలేదు, చీర కుచ్చెళ్ళలో వారం కూలీ దంపి తెచ్చింది. ఎర్రబియ్యం. దులిపేసి, తల ఎత్తకుండా పోయి కూచుంది. బతికుండగా సోలకి నోచుకోని ముసలిది, చచ్చి కుంచాలు పోయించింది.

దొరగారి మొహం చూడాలి. వంద మైళ్ళు తిరిగినా ఇటువంటి గంప ఎక్కడా చూడలేదని, ఈ సంఘం తన కాళ్ళ మీద తాను నిలబడిందని అన్నాడు. తవిటయ్య నేల చూస్తూ నిలుచున్నాడు. శవం నోట్లో పోసిన బియ్యం సంగతి సంఘం దొరకి చెప్పదు. శవం ఎందుకైందన్న సంగతి పంతులు చెప్పడు. ఆ ఒప్పందం ఎవరూ నోటితో చేసుకోలేదు, గుడిలో అందరికీ తెలుసు.

దొరగారు ఆడవాళ్ళ వైపు తిరిగి, పుస్తకంలో నేర్చుకున్న తెలుగులో దయగా అడిగాడు.

"అమ్మా, రత్నాలమ్మా, ఈ బియ్యము మీ యింటికి సరిపోవుచున్నదా?"

తీతు చేతిలోంచి జారబోయిన బైబిలుని మోకాలికి ఆనించి పట్టుకున్నాడు. నూకరత్నం మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. రత్నాలమ్మ లేచి నిలబడింది. దొరగారి మొహం కాదు, చాప మీది బియ్యం చూసింది. అంతటా ఎర్రగింజలే.

"ముందు సరిపోయీది కాదండి," అంది. "ఇప్పుడు సరిపోతన్నాది."

దొరగారు స్తోత్రం చెప్పి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్సిలు తడి చేసుకుని రాసుకున్నాడు. మిషను ఇస్తున్న రెండు రూపాయలూ పైనెల నుంచి ఇంతకన్నా బలహీనమైన సంఘానికి పంపుతానన్నాడు. ఏటా జరిగే మహాసభలో మొగలిపుట్టుగ పేరు చెబుతానన్నాడు. కాపరిని ఎలా పోషించుకోవాలో మిగతావాళ్ళు ఇక్కడికొచ్చి చూసి నేర్చుకోవాలన్నాడు. పాట ఎత్తుకోమన్నాడు. ఎత్తుకున్నారు గాని గొంతులు కలవలేదు.

మర్నాడు పొద్దున్నే రత్నాలమ్మ గుమ్మం ముందు కాళ్ళు చాపుకుని చేట పట్టుకుంది. ఊక లేచిపోయింది, తవుడు లేచిపోయింది. ఎర్రగింజలు ఏరలేదు. తీతు వచ్చి పక్కన నిలబడి, చాలాసేపు చూసి, నిన్న దొరతో అలా ఎందుకన్నావనడిగాడు.

"అబద్ధమేటి సెప్పినాను?" అంది రత్నాలమ్మ.

ఎసరు మరుగుతోంది. ఆమె తవ్వ నింపి ఎసట్లో పోసింది. పైన సోలెడు కోసం గంపలోకి పోయిన చెయ్యిని ఉత్తదే వెనక్కి తీసుకుంది.